వంతులవారీ

రావులపాలెంలో అరటి గెలల మార్కెట్టు వెనక
మేడ మీది గదిలో
ఆ పిల్ల నా ఫిల్మును కిటికీకేసి ఎత్తి పట్టింది.
కింద లారీలోకి గెలలు లెక్కేస్తున్నారు.
"నూకరాజు గారూ, ఇదిగో వెన్నులో నరాల కాలవ.
ఇక్కడా, ఇక్కడా ఇరుకైపోయింది."

ఆయ్, అన్నాను.
కాలవ సంగతి నాకు చెబుతుందేటి?
ముప్పై రెండేళ్ళు లాకుల మీద లస్కరుని.
గుర్రపుడెక్క అడ్డుపడినా, గట్టు జారినా
చీకట్లో చప్పుడు విని చెప్పేవాణ్ణి
నీరు ఎన్ని అంగుళాలు తగ్గిందో.
నా వీపులో పూడిక మాత్రం
చప్పుడు లేకుండా చేరింది.

"మరి తవ్వించరా?"
"తవ్వడమంటే ఆపరేషను. అది పెద్ద డాక్టరు గారి మాట.
ముందు ఉన్న ఇరుకులోంచే పారించడం చూద్దాం."
పేరు దీవెన. అమలాపురం సైడు పిల్ల.
చేతులు మాత్రం షట్టరు తిప్పే చేతులు.

నిలబడితే పిక్కలు బరువు.
వంద అడుగులేస్తే తొడల్లోంచి నిప్పు దిగి
కాళ్ళు నావి కావు.
శివారు చేలకి నీరందనట్టు
బొటనవేళ్ళకి కబురందదు.
చెప్పు జారిపోయినా తెలీదు,
వెనకొచ్చేవాళ్ళెవరో తెచ్చిస్తారు.
తలెత్తి కొబ్బరిచెట్టుకేసి చూడాలన్నా భయమే.
అదే కూర్చున్నానా, మోకాళ్ళ మీద చేతులానించి వంగానా,
నిమిషంలో అంతా సర్దుకుంటుంది.
ఊళ్ళో నవ్వుకున్నారు:
నడవలేడట, సైకిలు మాత్రం ఆత్రేయపురం దాకా తొక్కుతాడట!
మా ఆవిడ మంగతాయారు కూడా ఓ పూట నమ్మలేదు.

దీవెన నవ్వలేదు.
"సైకిలు మీద ముందుకి వంగుతారు కదా,
వంగితే వెన్నులో దారి కాస్త తెరుచుకుంటుంది.
మీరు దొంగ కాదండి," అంది.
ఏడాదిగా ఆ ముక్క కోసమే తిరిగానేమో,
కిటికీలోంచి గెలలు లెక్కపెడుతున్నట్టు నటించాను.

చాప మీద వెల్లకిలా.
ఒక మోకాలు రొమ్ముకి, పది లెక్క. తర్వాత రెండోది. తర్వాత రెండూ.
నడుం కింద చెయ్యి దూరే సందుంటుందే,
పొట్ట బిగించి దాన్ని నేలకి నొక్కెయ్యాలి.
"గండి పడ్డచోట ఇసక మూటలేసి తొక్కినట్టు," అన్నాను నేనే.
"అలాగే. కానీ ఊపిరి బిగబట్టకండి."
అరవై ఏడేళ్ళవాణ్ణి
కాళ్ళు పొట్టలోకి ముడుచుకుని పడుకుంటే
మనవరాలొచ్చి పక్కనే అలాగే పడుకుంది.

నడకకి మాత్రం వంతు పెట్టింది.
"నొప్పి వచ్చాక కాదు, రాకముందే ఆగాలి.
రెండు కరెంటు స్తంభాలు. కూర్చోండి. మళ్ళీ రెండు."
నాకు నవ్వొచ్చింది.
నీళ్ళు చాలని దాళవాలో
వంతులవారీ పెట్టి తిట్లు తిన్నవాణ్ణి,
అర్ధరాత్రి పలుగుతో తూమెత్తబోయినవాళ్ళకి
అడ్డంగా నిలబడ్డవాణ్ణి.
ఇప్పుడు నా కాళ్ళే ఆ రైతులు.
మూడో స్తంభం దాకా పోదామంటాయి.

పాత గేజీ రిజిస్టరు తీశాను, వెనక పేజీలు ఖాళీ.
తేదీ. స్తంభాలు. మంట, పదికి ఎంత.
"నాలుగు. ఏడు."
"నాలుగు. ఆరు."
"వాన. చాప మీదే."
"పెళ్ళిలో నిలబడ్డాను. తప్పు నాదే. తొమ్మిది."
దీవెన ఎర్ర పెన్నుతో సంతకం పెడుతుంది, ఏఈ గారిలా.

ఇరుకు అలాగే ఉంది. అది పోదని ముందే చెప్పింది.
జూన్‌లో కాలవలకి నీళ్ళొదిలిన రోజు
సైకిలెక్కలేదు, హ్యాండిలు మీద వాలి తోసుకుంటూ
పద్నాలుగు స్తంభాలు, ఆరుసార్లు కూర్చుని,
లాకుల దాకా వెళ్ళాను.
కొత్త కుర్రాడు షట్టరు తిప్పుతున్నాడు, తొందరగా.
నెమ్మదిరా, అన్నాను, ముందు గట్టు తడవనీ.
రైలింగు మీద మోచేతులానించి వంగాను.
ఉద్యోగమంతా నిలబడ్డ తీరే అది,
ఇప్పుడు మందు.

ఎండిన మట్టి మీద నురగ కట్టి, చెత్తని నెట్టుకుంటూ
నీరు కిందికి పోతోంది.
శివారుకి అందేసరికి మూడు రోజులు.
చెప్పులో బొటనవేలు కదిపి చూశాను.
కదిలిందనే అనుకుంటున్నాను.